మన పెద్దల సమాధులు

శతాబ్ది సంచికలకు వ్యాసములు వ్రాయువారు సాధారణముగా బాప్తిస్మములతో ఆరంభింతురు. ఏ ఊరిలో మొదట ఎవరు బాప్తిస్మము పొందిరి, ఏ సంవత్సరమున పొందిరి, ఎవరి చేతులమీదుగా పొందిరి అను వివరములు మన పెద్దలకు కంఠస్థములు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే ఆ మొదటి విశ్వాసులు ఎట్లు మరణించిరి, ఎక్కడ పాతిపెట్టబడిరి, వారిని ఎవరు మోసిరి అని అడిగినచో చాలామంది మౌనము వహింతురు.

పరకాల చుట్టుపట్ల గ్రామములలో పరిచర్య చేయుచు మేము గ్రహించిన సంగతి యొకటి గలదు. ఒక ఊరిలో సంఘము వేరు తన్నినదా లేదా అన్నది బాప్తిస్మపు దినమున పూర్తిగా తెలియదు. బాప్తిస్మము పొందిన ఆ పెద్దమనిషి కన్నుమూసిన దినమున తెలియును. పాడె ఎవరు మోయవలెను? డప్పు కొట్టించవలెనా, వద్దా? కల్లు పోయించవలెనా, వద్దా? ఏ నేలలో గుంట త్రవ్వవలెను? చుట్టములు ఒకవైపు, సంఘము ఒకవైపు నిలిచి ఈ ప్రశ్నలు అడుగుదురు. చనిపోయినవాడు జవాబు చెప్పలేడు. అతడు బ్రతికియుండగా నమ్మినదానిని ఇతరులు అతని పక్షముగా చెప్పవలెను. కాబట్టి మొదటి విశ్వాసి భూస్థాపన అతని చివరి సాక్ష్యము, సంఘమునకు మొదటి పరీక్ష. మన తెలుగు సంఘముల చరిత్రను ఈ వైపునుండి ఒకసారి చూడవలెనని ఈ చిన్న ప్రయత్నము.

రాఘవాపురము వెంకయ్య

చర్చి మిషనరీ సొసైటీవారు తెలుగు దేశమునకు 1841లో వచ్చిరి. రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఇద్దరు మచిలీపట్నములో పని ప్రారంభించిరి. నోబులుగారు పాఠశాల పెట్టి అగ్రకులముల బాలురకు విద్య నేర్పిరి. పైనున్నవారు నమ్మినచో క్రిందివారు తామే వత్తురని ఆ దినములలో అనేకులు తలంచిరి. జరిగినది వేరు. ఎవరూ ఎదురుచూడని మాలపల్లె నుండి జనము కదలిరి.

నందిగామ ప్రాంతములోని రాఘవాపురమున పగోలు వెంకయ్య అను మాల కులస్థుడు ఉండెను. ఆయన పూర్వము దోపిడీ ముఠాకు నాయకుడని మిషను చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. విగ్రహములలో దేవుడు లేడని ఆయన మనస్సునకు తోచినది. అంతట తనకు తెలియని ఆ దేవుని, నీవెవరవో నాకు తెలియజేయుమని, చాలాకాలము ప్రార్థించుచు వచ్చెను. 1859లో కృష్ణాస్నానములకై బెజవాడకు జనము చేరినప్పుడు ఆయనయు వచ్చి, అక్కడ పనిచేయుచున్న డార్లింగు దొరగారిని కలిసికొనెను. ఆ సంవత్సరమే రాఘవాపురములో బాప్తిస్మములు జరిగెను. అటుపిమ్మట కృష్ణాతీరపు మాలపల్లెలలో ఒకదాని వెంట ఒకటిగా సంఘములు లేచినవి.

వెంకయ్య 1891లో మరణించెను. అనగా బాప్తిస్మము తరువాత 32 సంవత్సరములు విశ్వాసిగా బ్రతికి, పండువయస్సున ప్రభువునందు నిద్రించెను. దోపిడీ చేసినవానికి ఎట్టి చావు రాగలదో ఆ కాలపు పల్లెవాసులకు చెప్పనవసరము లేదు. అట్టివాడు పెద్దవాడై, తాను నడిపించిన జనము మధ్య, మంచముమీద కన్నుమూయుట యొక విశేషము. బాప్తిస్మము ఒక్క దినపు కార్యము. 32 ఏండ్లు నిలిచియుండుట వేరు సంగతి. అందుచేత 1859ని జ్ఞాపకముంచుకొనినంత శ్రద్ధగా 1891ని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

వాడలో చావు అనగా ఏమి?

ఆనాటి చావును అర్థము చేసికొనవలెనన్న, మన పూర్వికులకు ఊరిలో ఉన్న స్థానమును తెలిసికొనవలెను. తెలంగాణలో వెట్టిచాకిరి అను మాట వినని ముసలివారుండరు. ఊరిలో పెద్దయింట చావు జరిగినచో చావుకబురు మోసికొని ఊరూరు తిరుగవలసినవాడు వెట్టివాడు. కట్టెలు చేర్చువాడు, గుంట త్రవ్వువాడు అతడే. డప్పు కొట్టువాడు మాదిగవాడు. ఎండయని, వానయని, తన యింట బిడ్డకు జ్వరమని చెప్పుటకు వీలులేదు. ఊరందరి చావులకు పనిచేసిన ఆ చేతులకు తమ చావునాడు సహాయపడు చేతులు తమ వాడలోనివే.

ఇక తమ యింటి చావు. మాల మాదిగలు సాధారణముగా శవమును దహింపక పాతిపెట్టుదురు. స్నానము చేయించి, క్రొత్తబట్ట కప్పి, వెదురుపాడెమీద డప్పుతో ఊరేగించి, దక్షిణమునకు తల ఉంచి పూడ్చుదురు. ఆపైన మూడవనాడు చిన్నదినము, పదియో పదకొండో దినమున పెద్దదినము. పిట్టకు పెట్టుట, చుట్టములకు భోజనము, కల్లుసారాయి. కూలికి పోవువాని యింట ఇవన్నియు జరుగవలెనన్న అప్పు చేయక తప్పదు. ఆ అప్పునకు మళ్ళీ దొర పొలములో జీతగాడుగా కుదురవలెను. తండ్రి చావు కొడుకును బానిసను చేసిన ఇండ్లు మన పల్లెలలో కొల్లలు. దుఃఖము పది దినములలో తగ్గును. అప్పు తరతరములు నిలుచును.

ఈ పద్ధతులన్నిటిలో చెడ్డతనమే యున్నదని మేము చెప్పబోము. చచ్చినవానిని గౌరవముతో సాగనంపవలెనన్న కోరిక మంచిదే. చుట్టములు కూడి ఏడ్చుట మనుష్యధర్మము. మన పెద్దలు విడిచిపెట్టినది ఆ గౌరవమును కాదు. దానిని అంటిపెట్టుకొనియున్న భయమును, మత్తును, అప్పును.

కాదనుట వలన కలిగిన నష్టము

విడిచిపెట్టుట మాటలతో జరుగలేదు. ఒంగోలు ప్రాంతపు చరిత్ర ఇందుకు మంచి దృష్టాంతము. తాళ్లకొండపాడునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారము చేయు మాదిగ పెద్ద. ఆత్మజ్ఞానముకొరకు యోగుల వెంట తిరిగినవాడు. 1866లో జూయెటుగారిచేత బాప్తిస్మము పొందెను. అదే సంవత్సరము క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చిరి. మరుసటి సంవత్సరము పేరయ్య తన ఊరిచుట్టుప్రక్కల జనమును పోగుచేసి దొరగారిని పిలిపించి బోధ చేయించెను. ఒంగోలు సంఘమునకు నాంది అట్లు జరిగినది.

ఆ క్రొత్త విశ్వాసులకు మూడు కట్టడలు పెట్టబడెను. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. ఇప్పుడు చదువుకొన్నవారికి ఇవి సులువుగా కనబడును. కాని డప్పు మాదిగవాని వృత్తి. జాతరలో డప్పు కొట్టనన్నచో ఊరి కరణము, మునసబు కోపగించిరి. బావులు మూసిరి, పనులు మాన్పించిరి, అంగడిలో సరకు ఇయ్యలేదు. కొట్టుట, కేసులు పెట్టుట సరేసరి. ఆ కట్టడల బరువు బ్రతికినన్నాళ్లు మోసినవారికి చావునాడు వెనుకకు పోవుట కష్టమనిపించలేదు. తండ్రి జీవితమంతయు విడిచియుండిన ఆచారమును కొడుకు అతని శవముమీద తిరిగి తెచ్చినచో, ఆ తండ్రి పడిన దెబ్బలకు అర్థమేమి?

పుస్తకము, పాట, ఉపదేశకుడు

అయితే పాతదానిని తీసివేసినచో చాలదు. చావు ఇంటికి క్రొత్తది ఏదో ఒకటి కావలెను. సంఘము మూడింటిని ఇచ్చెను.

మొదటిది ప్రార్థన పుస్తకము. ఇంగ్లండు సంఘపు సామాన్య ప్రార్థన పుస్తకములోని భూస్థాపన క్రమమును తెలుగులో చదివిరి. రాజునకును కూలివానికిని ఒకే క్రమము. ఊరిలో మంత్రము వినుటకే అర్హత లేదనబడిన మనిషి శవముయొద్ద, రాజుల సమాధులయొద్ద చదువబడిన ప్రార్థనలే చదువబడెను. ఇది చిన్న సంగతి కాదు. అయితే 1662 నాటి ఆ పుస్తకములో ఒక నిబంధన యుండెను. బాప్తిస్మము పొందనివారికి ఆ క్రమము వాడరాదు. మన పల్లెలలో నమ్మి, బోధ నేర్చుకొనుచు, అయ్యగారి రాకకొరకు కనిపెట్టుచు, బాప్తిస్మమునకు ముందే చనిపోయినవారు గలరు. వారి కుటుంబములకు ఆ నిబంధన ఎంత బాధాకరమో ఊహించుకొనవచ్చును. నేటికిని పల్లె పాదిరికి ఈ ప్రశ్న ఎదురగుచునేయుండును.

రెండవది పాట. ఇక్కడ పురుషోత్తమ చౌధరిగారిని తలంచుకొనవలెను. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, 1833లో కటకములో బాప్తిస్మము పొంది, నూటికి పైగా కీర్తనలు రచించి, 1890లో మరణించెను. ఆయనది దహనము చేయు కులము. కుమారుడు తలకొరివి పెట్టనిచో గతి లేదను కులము. ఆయన ఆ ఆశను విడిచి క్రీస్తునందు నిరీక్షణ ఉంచెను. చౌధరిగారు పోయిన మరుసటి సంవత్సరమే రాఘవాపురము వెంకయ్య పోయెను. ఒకరు అగ్రహారమునుండి, ఒకరు మాలపల్లెనుండి వచ్చిరి. పుట్టుకలో వారిద్దరికి నడుమ ఉన్న దూరము ఇంతంత కాదు. నేడు మన పల్లెలలో శవము ముందు రాత్రంతయు కూర్చుండి పాడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో చౌధరిగారివి ఎన్నో. బ్రాహ్మణుడు కట్టిన పాట మాలవాని పాడె వెంట నడచుట మన దేశములో క్రొత్త సంగతి. డప్పు మానిన చోట మౌనము మిగులలేదు, పాట వచ్చెను.

మూడవది మనిషి. పాదిరులు కొద్దిమంది, ఊళ్లు అనేకములు. శవము ఎండలో ఆగదు. అందుచేత చాలా భూస్థాపనలు జరిపినది పల్లెలో కాపురముండిన ఉపదేశకులే. పగలు పిల్లలకు అక్షరములు దిద్దించి, రాత్రి ప్రార్థన నడిపి, చావు వచ్చినచో పాడెకు భుజము పట్టి, గుంటయొద్ద పుస్తకము చదివినవారు వారు. వారి జీతము స్వల్పము, వారి పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. ఈ శతాబ్ది సందర్భమున బిషపులను, దొరలను స్మరించునప్పుడు ఈ ఉపదేశకులను మరువరాదని మా మనవి.

మొదటి సొంత నేల

ఆదికాండము 23వ అధ్యాయమును మీరు ఎరుగుదురు. అబ్రాహామునకు కనాను దేశమంతయు వాగ్దానము చేయబడెను. కాని శారా 127 ఏండ్ల వయస్సున చనిపోవునప్పటికి ఆయనకు అందులో అడుగు నేల సొంతము కాదు. హిత్తీయుల ఎదుట నిలిచి, తాను పరదేశినని ఒప్పుకొని, 400 తులముల వెండి తూచి ఇచ్చి, ఎఫ్రోనుయొద్ద మక్పేలా గుహను పొలముతో సహా కొనెను. ఊరికే ఇచ్చెదమన్నను తీసికొనలేదు; సాక్షుల ఎదుట వెల చెల్లించెను. వాగ్దాన దేశములో ఆయన పేరున నిలిచిన మొదటి నేల సమాధి నేల.

మన పూర్వికుల కథయు ఇట్టిదే. దున్నిన నేల దొరది. ఇల్లు వేసికొన్న జాగా సర్కారుదో దొరదో. అట్టివారికి, ఇది మాది అని చెప్పుకొనుటకు మొట్టమొదట దొరకినది చాలా ఊళ్లలో గుడి కట్టిన జాగా, దాని వెంట సమాధుల తోట. బ్రతికియుండగా పట్టా లేనివానికి చనిపోయిన పిదప ఆరడుగుల నేల మీద పేరు చెక్కబడెను. ఆ రాతిమీద ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు ఉండును. దొర గడీలో ఒరేయని పిలువబడినవాడు అక్కడ పూర్తి పేరుతో పడుకొనియుండును.

శవమును తూర్పునకు పాదములుంచి పూడ్చు క్రైస్తవ ఆచారము కూడ మన వారికి బోధగా నిలిచెను. ప్రభువు తూర్పునుండి వచ్చును, లేచినవారు ఆయనకు ఎదురుగా నిలుతురు అని దాని భావము. చదువురాని ముసలమ్మకు కూడ ఆ గుంట వైపు చూచినచో పునరుత్థానము అర్థమగును.

ఆఫ్రికాలో ఒక సమాధి

ఇది తెలుగు దేశమునకే ప్రత్యేకమైన సంగతి కాదు. ఒక జనములో మొదటి తరము విశ్వాసులు ముసలివారై చనిపోవు కాలమున, ఎట్లు పాతిపెట్టవలెనను ప్రశ్న ప్రతి దేశములోను వచ్చినది. తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా దేశీయుడు అపోలో కివెబులాయా వృత్తాంతము మన సంఘములు వినదగినది.

ఈయన సుమారు 1864లో పుట్టి, 1895లో బాప్తిస్మము పొందెను. మరుసటి సంవత్సరమే కాంగో సరిహద్దులోని ఎంబోగా అను పల్లెకు ఉపదేశకుడుగా వెళ్లెను. దెబ్బలు తినెను, చెరసాలలో ఉండెను. 1903లో గురువుగా అభిషేకింపబడెను. ముసలితనము సమీపించినప్పుడు సహితము ఇటూరి అరణ్యములలో నివసించు పొట్టిజాతివారి మధ్యకు పోయి సువార్త చెప్పెను. 1933 మే 30న ఎంబోగాలోనే మరణించెను. మరణమునకు ముందు ఆయన కోరిన కోరిక యొకటి. అక్కడి ఆచారమునకు భిన్నముగా తన తల పడమట, ఆ అరణ్యముల దిశగా ఉంచి పాతిపెట్టవలెననెను. ఏలయనగా సువార్త ఇంకను ఆ దిక్కునకే పోవలసియున్నది. శవము కూడ చేయి చూపు గుర్తుగా ఉండవలెనని ఆ వృద్ధుని ఆశ.

ఆఫ్రికా పల్లెలోని ఆ ముసలి గురువు, మన పల్లెలోని ముసలి విశ్వాసి ఒకరినొకరు ఎరుగరు. అయినను ఇద్దరును ఒకే సంగతిని గ్రహించిరి. ఎట్లు పాతిపెట్టబడుదుమన్నది, ఏమి నమ్మితిమన్నదానికి గుర్తు.

దోర్నకలు పాఠము

మన ప్రాంతమునకు మరలి వచ్చెదము. నిజాము రాజ్యములో 1879లో హనుమకొండలో అమెరికను బాప్తిస్టు మిషను పని మొదలాయెను. తిరునల్వేలి భారత మిషనరీ సంఘమువారు ఈ శతాబ్దమునకు ముందటి శతాబ్దపు తొలి సంవత్సరములలో దోర్నకలు చేరిరి. అజరయ్యగారు 1909లో అక్కడికి వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషపగుట అదే ప్రథమము.

పల్లె క్రైస్తవులను పీడించు శత్రువులు నాలుగని అజరయ్యగారు బోధించుచుండిరి. అవి మురికి, రోగము, అప్పు, త్రాగుడు. ఈ నాలుగింటిని చావు ఇంటితో పోల్చి చూడుడు. మురికివలన రోగము, రోగమువలన చావు, చావువలన అప్పు, అప్పు బాధను మరచుటకు త్రాగుడు. ఒకదాని చేయి ఒకటి పట్టుకొని తిరుగు నాలుగు దయ్యములవి. కాబట్టి అప్పులేని, మత్తులేని భూస్థాపన అనగా ఆ గొలుసును ఒకచోట తెంపుట.

అజరయ్యగారు 1945 జనవరి 1న దోర్నకలులో మరణించిరి. దేశవిదేశములలో పేరు పొందిన ఆ బిషపు శరీరము చెన్నపట్నపు పెద్ద గుడికి పోలేదు, ఆయన పుట్టిన తిరునల్వేలి సీమకును పోలేదు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకలు దేవాలయపు ఆవరణలో, తాను సేవించిన పల్లెవారి నడుమ, తెలుగు నేలలోనే పాతిపెట్టబడెను.

నేటి ప్రశ్నలు

ఇదంతయు గడచిన కథయని అనుకొనరాదు. మా పరకాలనుండి ములుగు మీదుగా ఏటూరునాగారము చేరి గోదావరి దాటినచో ఛత్తీస్‌గఢ్ నేల ఎంతో దూరము కాదు. ఆ రాష్ట్రములోని బస్తరు జిల్లా ఛింద్వాడా గ్రామమున 2025 జనవరి 7న ఒక పాస్టరు చనిపోయెను. ఆయన పెద్దలను పాతిపెట్టిన ఊరి శ్మశానములోనే ఆయనను పూడ్చబోగా గ్రామస్థులు అడ్డగించిరి. కుమారుడు హైకోర్టునకు, అటుపిమ్మట సుప్రీముకోర్టునకు పోవలసివచ్చెను. మూడు వారములు శవము మార్చురీలోనే ఉండెను. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు వ్రాసిరి. సొంత పొలములో పాతిపెట్టుకొననిమ్మని ఒకరు, క్రైస్తవులకు ఏర్పరచిన స్థలములోనే పాతిపెట్టవలెనని ఒకరు. చివరకు 20, 25 కిలోమీటర్ల దూరమున మరొక ఊరి స్థలములో భూస్థాపన జరుపవలెనని ఆజ్ఞాపించిరి. సొంత పొలమును అనుమతించిన న్యాయమూర్తి, రాష్ట్రమంతట క్రైస్తవులకు శ్మశాన స్థలములు గుర్తింపవలెనని కూడ తన తీర్పులో వ్రాసిరి. ఒక ముద్ద మట్టికొరకు దేశపు అత్యున్నత న్యాయస్థానమువరకు పోవలసివచ్చిన ఆ కుమారుని స్థితిని మన సంఘస్థులు తమ యింటి సంగతిగా తలంచవలెను.

మరియొక సంగతి. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి ఆ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ వచ్చినది, క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రములో వారిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగా లెక్కింతురు. పిల్లల చదువులు, ఉద్యోగముల భయముచేత బ్రతికినంతకాలము కాగితముమీద ఒక మతము, ఆదివారము మరొక మతముగా జీవించు కుటుంబములు ఎన్నియో గలవు. ఈ వ్యాసములో వారిని నిందింప మాకు మనసు రాదు. వారిని ఆ ఇరుకులో పెట్టినది వారు కాదు. అయితే భూస్థాపన దినమున ఆ ఇరుకు తొలగిపోవును. సంఘపు భూస్థాపన రిజిష్టరులో వయస్సు, వృత్తి, మరణ కారణము, పాతిపెట్టిన తేదీ, క్రమము జరిపినవారి సంతకముతో ఆ మనిషి విశ్వాసము నమోదగును. కొందరి విషయములో అతడు క్రైస్తవుడని చెప్పు ఒకే ఒక వ్రాత అదే. ఆ రిజిష్టరులు అనేక చోట్ల చెదలు తినుచున్నవి.

ఇక మన సమాధుల తోటలు. కొన్ని ఊళ్లలో దారి వేయుటకు, కొన్ని ఊళ్లలో ప్లాట్లు చేయుటకు వాటి అంచులు తరిగిపోవుచున్నవి. పత్తిచేను గట్టు ప్రతి యేడు ఒక సాలు లోపలికి జరుగును. 2019 తరువాత మన రాష్ట్రములో ఊరూర వైకుంఠధామములు కట్టబడినవి గనుక మీ స్థలము ఇక ఎందుకని అడుగువారును గలరు. దీనికంటె బాధాకరమైనది లోపలినుండి వచ్చు చీలిక. వెంకయ్య మాలపల్లెలో పుట్టెను, పేరయ్య మాదిగపల్లెలో పుట్టెను. క్రీస్తునందు ఒక్కటైన ఈ రెండు పల్లెలవారికి సమాధుల తోటలో మళ్లీ వేరువేరు వరుసలు కట్టినచో, మొదటి తరము కూల్చిన గోడను మనుమలు మట్టిక్రింద కట్టినట్లగును. అట్లే, అప్పుచేసి పెట్టించు పాలరాతి సమాధులు, వందలమందికి భోజనములు, మైకులు, ఫ్లెక్సీలు చూచినచో పెద్దదినమే పేరు మార్చుకొని వచ్చినదా అని సందేహము కలుగును.

చేయదగిన పనులు

పరకాలవారికి చనిపోయినవారిని స్మరించుట క్రొత్త కాదు. 1947 సెప్టెంబరు 2న జాతీయ పతాకము ఎగురవేయబోయి నిజాము పోలీసుల, రజాకార్ల తుపాకులకు బలియైనవారి జ్ఞాపకార్థము ఈ పట్టణములో అమరధామము నిలిచియున్నది. పిల్లలను తీసికొనిపోయి చూపి, ఆ కథ చెప్పుదురు. అందువలన ఆ చావులు వ్యర్థము కాలేదు. ఆ నెలలోనే, 27వ తేదీన, చెన్నపట్నములో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఊరు తన అమరులను జ్ఞాపకముంచుకొనుచుండగా సంఘము తన మొదటి విశ్వాసులను మరచుట తగదు.

మొదటిది, ప్రతి సంఘమును తన ఊరిలో బాప్తిస్మము పొందిన మొదటి తరమువారి పేర్లు, వారు పోయిన సంవత్సరము, పాతిపెట్టిన చోటు, జీవించియున్న ముసలివారిని అడిగి వ్రాసికొనవలెను. ఇంకొక పది సంవత్సరములు గడచినచో చెప్పువారుండరు. యౌవనుల సమాజము ఈ పనిని తీసికొనవచ్చును.

రెండవది, సమాధుల తోటకు సర్వే నంబరు ఏది, పహాణీలో ఎవరి పేరు ఉన్నది, ఊరి నక్షాలో హద్దులేవి అని సంఘ పెద్దలు కనుగొని కొలిపించవలెను. అబ్రాహాము సాక్షుల ఎదుట వెల తూచి ఇచ్చినది ఇందుకే.

మూడవది, పాత భూస్థాపన రిజిష్టరులను శుభ్రముగా మరొక ప్రతి వ్రాయించి డయోసీసు కార్యాలయములో ఒకటి ఉంచవలెను.

నాలుగవది, స్త్రీలు వంటకు ముందు తీసిపెట్టు పిడికెడు బియ్యపు కానుకలో కొంత భాగము బీదల భూస్థాపనకు ప్రత్యేకింపవలెను. సంఘములో ఏ యిల్లును చావువలన అప్పులో పడకూడదు. ఇది జరిగినచో పొరుగువారికి మన విశ్వాసమును గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

నవంబరు 2న సమాధుల పండుగకు సున్నము కొట్టి, పువ్వులుంచి, కొవ్వొత్తులు వెలిగించునప్పుడు, తమ వారి సమాధితోపాటు ఎవరూ వెలిగించని పాత సమాధి యొకదానియొద్ద కూడ ఒక కొవ్వొత్తి పెట్టుడు. రాయి లేకపోవచ్చును, మట్టిగుట్ట అణగి సమమై యుండవచ్చును. ఊరిలో మొట్టమొదట డప్పు దింపి పాట ఎత్తుకొన్నవాడు అక్కడ పడుకొనియుండవచ్చును. అతడు బ్రతికిన దినములలో ఊరు అతనిని దూరముగా నిలువుమనెను. ప్రభువు అతనిని పేరుపెట్టి పిలిచెను, మరల పిలుచును. అంతవరకు ఆ పేరును, ఆ నేలను భద్రము చేయుట మన వంతు. అట్టి కృప మన సంఘములకు దేవుడు దయచేయును గాక. ఆమేన్.